సమాధానం: ఆక్సిజన్ సిలిండర్ రాత్రికి రాత్రే సగమవుతోంటే

తమ్ముడూ, మీ అంబులెన్సులో నిండు బి-టైప్ ఆక్సిజన్ సిలిండర్ పొద్దున్నకి సగమవుతోందని, బెంగళూరులో ఎలక్ట్రానిక్ సిటీ నుంచి జయనగర్‌కి పేషెంటుని తీసుకెళ్ళడానికి సరిపోతుందో లేదో తేలట్లేదని అడిగావు.

లెక్క తేలికే. బి-టైప్ నీటి కొలత, అంటే లోపల నీళ్ళు పోస్తే పట్టేంత, 10 లీటర్లు. గేజ్ ఒత్తిడిని కేజీల్లో (చదరపు సెంటీమీటరుకి) చూపే అంకెకి పది రెట్లు లీటర్ల ఆక్సిజన్: 150 అంటే దాదాపు 1500 లీటర్లు. అందులో 20 కేజీలు రిజర్వు, లేదనుకో. గేజ్ 70 ఉంటే చేతిలో ఉన్నది 500 లీటర్లు. నాన్-రీబ్రీదర్ మాస్కుకి (సంచి ఉండే, ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చే మాస్కు) నిమిషానికి 10 లీటర్లు పెడితే 50 నిమిషాలు, 15 పెడితే 33. దారిలో ట్రాఫిక్ జామ్‌ల సిల్క్ బోర్డు జంక్షన్ ఉంది, గేజ్‌కి ఆ సంగతి తెలీదు. 100కి తక్కువుంటే మార్చే బయల్దేరు.

ఇక లీకు. సిలిండర్ వాల్వు తెరువు, ఫ్లోమీటర్ (నిమిషానికి ఎన్ని లీటర్లు వెళ్ళాలో పెట్టేది) పూర్తిగా మూసెయ్, మళ్ళీ వాల్వు కట్టెయ్. పది నిమిషాల్లో ముల్లు దిగితే లీకు రెగ్యులేటర్ వైపే; ఎక్కువసార్లు దోషి అరిగిన వాషరే. కొత్త వాషర్ వేసెయ్, స్పానర్‌తో కుస్తీ పట్టకు. నూనె, గ్రీజు అస్సలు తగలనివ్వకు, ఒత్తిడి మీదున్న ఆక్సిజన్‌లో భగ్గుమంటాయి.

ముల్లు కదలకపోతే లీకు బహుశా మనిషిది: డ్యూటీ దిగేవాళ్ళు వాల్వు, ఫ్లోమీటర్ కట్టకుండానే పోతున్నారు. వాల్వు కట్టాక ఫ్లోమీటర్ తెరిచి, ముల్లు సున్నాకి వచ్చేదాకా గాలి వదలమను. లేదంటే ఖాళీ సిలిండర్ కూడా నిండుగా ఉన్నట్టు నటిస్తుంది.