తగిలిందా, అంటిందా, కలిసిందా?

సందేహం: 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగినప్పటి పేపర్ కటింగులు చూస్తుంటే ఒకచోట ‘పాలలో రేడియేషన్’ అనీ, మరోచోట ‘గాలిలో రేడియోధార్మికత’ అనీ, ఇంకోచోట ‘పాలకూరకు అణుధార్మికత సోకింది’ అనీ ఉంది. ఇవన్నీ ఒకటేనా? ఆహార పరీక్షల పట్టికలో ‘ఎన్.డి.’ (నాట్ డిటెక్టెడ్) అని ఉంటే ‘రేడియేషన్ లేదు’ అని రాయవచ్చా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ఒకటి కాదండీ. బడిలో ఉష్ణవహనం, సంవహనం, వికిరణం అని చదువుకున్నాం కదా, ఆ వికిరణమే రేడియేషన్. అది ఒక చోటి నుంచి వెలువడే శక్తి. రేడియోధార్మికత అనేది పదార్థానికి ఉన్న గుణం. అందులోని పరమాణు కేంద్రకాలు వాటంతట అవే విచ్ఛిన్నమై వికిరణాన్ని వెలువరిస్తాయి. ఈ ‘ధార్మికత’కు గుడితో పనిలేదు. ‘కాల్చడం నిప్పు ధర్మం’ అంటామే, ఆ ధర్మం ఇది. మాట నిర్మాణం నాకంత నచ్చదు గానీ, పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది, ఇప్పుడు కదిలిస్తే గందరగోళమే. అణుధార్మికత దానికే మరో పేరు.

అయితే అసలు చిక్కు నామవాచకాలతో కాదు, క్రియలతో. ఎండ తగులుతుంది, మసి అంటుకుంటుంది, ఉప్పు కలుస్తుంది. ఎక్స్‌రే తీయించుకున్న మనిషికి వికిరణం తగిలింది, అంతే. అతను ఇంటికి మోసుకెళ్లేది ఏమీ ఉండదు. ఫుకుషిమా పరిసరాల్లో పాలకూర మీద పడినవి గాలిలో కొట్టుకొచ్చిన అయోడిన్-131, సీజియం అనే రేడియోధార్మిక పదార్థాల రేణువులు. అవి ఆకుకు అంటుకున్నాయి. మేతతోనో నీటితోనో ఆవు లోపలికి పోయినవి పాలలో కలిశాయి. కాబట్టి ‘పాలలో రేడియోధార్మిక అయోడిన్ కలిసింది’ అని రాస్తే విషయం తెలుస్తుంది. ‘సోకింది’ అంటే ఇది అంటురోగమేమో అనిపిస్తుంది. ఆ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లను చూసి జనం జడుసుకోవడానికి ఇలాంటి మాట ఒక్కటి చాలు.

మీ ఊరి సంగతే చూడండి. భీమిలి తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంది. అక్కడ నడిచేవారికి సహజంగానే కాస్త ఎక్కువ వికిరణం తగులుతుంది. దాన్ని ‘భీమిలి గాలిలో రేడియేషన్’ అంటే తప్పుదారి పట్టించినట్టే, ఎందుకంటే ఆ వికిరణం ముఖ్యంగా వస్తున్నది కాళ్ల కింద నుంచి.

‘గాలిలో’ అన్న మాట వెనుక నిజానికి రెండు కొలతలు దాగున్నాయి. ఆరుబయట ఒక చోట మీటరు పెట్టి, అక్కడ నిలబడ్డ మనిషికి ఎంత తగులుతుందో గంటకు ఇన్ని మైక్రోసీవర్టులని చెప్పడం ఒకటి. నేల నుంచి, ఆకాశం నుంచి వచ్చేదంతా ఆ లెక్కలోకి వస్తుంది. ఫిల్టరు గుండా గాలిని పీల్పించి, చిక్కిన ధూళిని పరీక్షించి, ఘనమీటరు గాలికి ఇన్ని బెక్వెరెల్లు అనడం రెండోది. మొదటిదానికి ‘ఆ చోట వికిరణం’ అనీ, రెండోదానికి ‘గాలిలో కలిసిన రేడియోధార్మిక పదార్థం’ అనీ రాయండి.

బెక్వెరెల్ అంటే సెకనుకు ఒక కేంద్రకం విచ్ఛిన్నం కావడం. సీవర్టు శరీరానికి కలిగే హానిని అంచనా వేసే మోతాదు. మొదటిది ఆహారాన్ని గురించి చెబుతుంది, రెండోది తిన్నవారిని గురించి. 2011 మార్చిలో టోక్యోలోని ఒక నీటిశుద్ధి కేంద్రం నీటిలో కిలోకు 210 బెక్వెరెల్ల అయోడిన్-131 ఉందన్నారు. అలాంటి లీటరు నీళ్లు పెద్దవారు తాగితే మోతాదు సుమారు 4.6 మైక్రోసీవర్టులు. ప్రకృతి నుంచి ప్రపంచ సగటున ఒక్కరోజులో మనకు అందేది దాదాపు 6.6. ఏడాది లోపు బిడ్డకైతే అవే నీళ్లు సుమారు 38 అవుతాయి. అందుకే అప్పట్లో అక్కడ నీటిలో అయోడిన్ పరిమితి పెద్దలకు కిలోకు 300 బెక్వెరెల్లు, పసివాళ్లకు 100గా ఉండేది. వార్తలో ‘210 రేడియేషన్’ అని రాస్తే ఇదంతా గల్లంతే. మన శరీరంలోనే సహజ పొటాషియం-40 వల్ల సుమారు 4,000 బెక్వెరెల్లు ఉంటాయి. పెద్ద అంకె చూడగానే టెన్షన్ పడాల్సిన పనిలేదు, ఏ పదార్థం, ఎవరి ఒంట్లోకి అని అడగాలి.

ఇక ‘ఎన్.డి.’ సంగతి. ‘లేదు’ అని రాయకూడదు. నమూనాను పరీక్షించే యంత్రం చుట్టూ సీసపు గోడ కట్టినా ప్రకృతి వికిరణం కొంత లోపలికి వస్తూనే ఉంటుంది, అదీ నిలకడగా రాదు. ఆ హెచ్చుతగ్గుల్లో కలిసిపోయేంత తక్కువ సీజియం ఉంటే యంత్రానికి తేడా తెలియదు. నమూనా ఎక్కువ తీసుకుని, ఎక్కువసేపు లెక్కిస్తే ఇంకా కింది స్థాయి వరకు పట్టుకోవచ్చు. అంటే ఒక ప్రయోగశాలలో ‘ఎన్.డి.’ వచ్చిన బియ్యానికే మరో ప్రయోగశాలలో అంకె రావచ్చు.

‘యంత్రం పట్టలేదు’ అంటే సరిపోతుందా? ఇక్కడ తెలుగు మనల్ని ఇరికిస్తుంది. ‘అతడు పట్టలేదు’, ‘అతడు పట్టలేడు’ వేరువేరుగా వినిపిస్తాయి. యంత్రం దగ్గరకు వచ్చేసరికి ‘పట్టలేదు’ అన్న ఒక్క రూపానికే రెండర్థాలు: పట్టడం జరగలేదు, పట్టే శక్తి లేదు. వాక్యం తిరగేసి ‘కిలోకు 10 బెక్వెరెల్ల లోపు, అంతకంటే తక్కువ ఈ యంత్రానికి అందదు’ అని రాయండి. ఆ 10 అన్నది యంత్రాన్ని బట్టి మారుతుంది, దాన్ని వదిలేసి ‘ఎన్.డి.’ ఒక్కటే అచ్చువేసిన పట్టిక నా లెక్కలో సగం పట్టికే. జపాన్‌లో 2012 ఏప్రిల్ నుంచి మామూలు ఆహారంలో సీజియం పరిమితిని కిలోకు 500 బెక్వెరెల్ల నుంచి 100కు తగ్గించారు. తాగునీటికైతే 10 పెట్టారు. అప్పుడు 50 కంటే తక్కువను పట్టలేని యంత్రంతో నీటిని పరీక్షించి ‘ఏమీ లేదు’ అంటే అది జవాబే కాదు.

చివరగా, మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను. ‘మి.సీ.’, ‘మై.సీ.’ అని పొట్టి అక్షరాలు వాడకండి. మిల్లీకీ మైక్రోకీ వెయ్యి రెట్ల తేడా ఉంది, అచ్చులో ఒక ఐత్వం జారితే చాలు. ‘గంటకు’, ‘ఏడాదికి’ అన్నవి కూడా వదలొద్దు. బెక్వెరెల్, బెకరెల్, బెక్రెల్ – ఏది రాసినా నాకు అభ్యంతరం లేదు, ఒకే వ్యాసంలో మూడూ కనబడకపోతే చాలు.