నింజా టర్టిల్స్ పాత కార్టూన్ చూసి పెరిగినవాళ్లకి ‘మ్యూటెంట్ మేహెమ్’ నచ్చుతుందా?

మీరు అడిగింది ఇది: చిన్నప్పుడు నింజా టర్టిల్స్ కార్టూన్ అంటే ప్రాణం, 2014లో వచ్చిన సినిమా చూశాక మనసు విరిగిపోయింది, 2023లో వచ్చిన ‘మ్యూటెంట్ మేహెమ్’ కూడా అదే బాపతేనా, పిల్లలతో కలిసి చూడొచ్చా?

అదే బాపతు కాదు. నిస్సందేహంగా చూడండి. పాత కార్టూన్లని బయటికి తీసి దుమ్ము దులిపి అమ్ముకునే సినిమాలు ఈ పదిహేనేళ్లలో చాలా వచ్చాయి. వాటిలో నాకు మనస్ఫూర్తిగా నచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇది ముందు వరసలో ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో లైటింగ్ చేస్తాను, కాబట్టి కథ గురించే కాకుండా బొమ్మ గురించి కూడా కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

తొంభైల్లో తెనాలిలో మా వీధికి కేబుల్ వచ్చాక మనుషుల్లా మాట్లాడే, నింజా యుద్ధవిద్య తెలిసిన ఈ నలుగురు తాబేళ్లు మాకు పరిచయం. ఇంగ్లీషు మాటలు సగం అర్థమయ్యేవి కావు. ఎవరు ఎవరో కళ్లకి కట్టుకున్న గుడ్డ రంగును బట్టే గుర్తుపట్టేవాళ్లం: నీలం లియోనార్డో, ఎరుపు రాఫెల్, ఊదా డొనాటెల్లో, నారింజ మైకెలాంజెలో. అమ్మ దగ్గర పాత జాకెట్ గుడ్డలు అడిగి తీసుకుని, కత్తెరతో రెండు కన్నాలు చేసి, మొహానికి కట్టుకుని గోడలు దూకేవాళ్లం. ఎరుపు రంగు కోసం రోజూ తగువే. కాబట్టి మీరు ‘ప్రాణం’ అన్న మాట ఎందుకు వాడారో నాకు బాగా తెలుసు.

అయితే మనం ప్రేమించిన ఆ కార్టూన్ అసలు తాబేళ్ల కథకి రెండో రూపం. మొదటిది 1984లో అమెరికాలో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయర్డ్ అనే ఇద్దరు కుర్రాళ్లు సొంతంగా వేసుకున్న నలుపు తెలుపు కామిక్. ట్యాక్స్ రిఫండ్ డబ్బులు, బంధువు దగ్గర తెచ్చిన అప్పు కలిపి మొదటి సంచిక 3,000 కాపీలు అచ్చు వేశారు. అప్పట్లో జనం ఎగబడి చదువుతున్న డేర్‌డెవిల్ లాంటి కామిక్స్‌ని ఆటపట్టిస్తూ మొదలుపెట్టినది అది. గీతలు గరుకు, కథ ముదురు. విలన్ ష్రెడర్ మొదటి సంచికలోనే చచ్చిపోతాడు. తర్వాత ప్లేమేట్స్ అనే బొమ్మల కంపెనీ రంగంలోకి దిగింది. ఎవరికీ తెలియని కామిక్ బొమ్మల్ని ఎవరు కొంటారని అనుమానపడి, ముందు టీవీలో కార్టూన్ రావాలంది. అలా 1987 డిసెంబరులో అయిదు ఎపిసోడ్లతో మొదలై, 1996 దాకా 193 ఎపిసోడ్లు నడిచింది. కామిక్‌లో నలుగురికీ ఎర్ర గుడ్డలే. తలా ఒక రంగు, పిజ్జా పిచ్చి, ఆ జోకులు అన్నీ టీవీ కోసం తెచ్చిపెట్టినవి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత వచ్చిన ప్రతి సినిమా ముందూ ఒకటే ప్రశ్న ఉంటుంది: ఈ రెండు తాబేళ్లలో ఏది తీసుకోవాలి? 2014 సినిమా ఏదీ తీసుకోలేదు. కండలు తిరిగిన, ఆరడుగుల పైచిలుకు రాక్షసుల్ని తయారుచేసి, చర్మం మీద ప్రతి గరుకునీ కంప్యూటర్‌లో చెక్కింది. పనితనానికి వంక పెట్టలేను, అందులో చాలామంది కళ్లు కాయలు కాసిన శ్రమ ఉంది. కానీ వాళ్లని చూస్తే పదిహేనేళ్ల పిల్లలు అనిపించరు, జిమ్ నుంచి వస్తున్న మనుషుల్లా ఉంటారు. అసలు కార్టూన్‌లోనే గొంతులన్నీ పెద్దవాళ్లవి. నలభై ఏళ్లుగా ఈ తాబేళ్లు పేరుకే టీనేజ్ పిల్లలు.

దర్శకుడు జెఫ్ రో, నిర్మాత సేత్ రోగన్ పట్టుకున్నది సరిగ్గా ఈ ముడినే. నలుగురు తాబేళ్లకీ నిజంగా ఆ వయసు పిల్లల చేతే చెప్పించారు: నికొలస్ కాంటూ, బ్రేడీ నూన్, మైకా ఆబీ, షమాన్ బ్రౌన్ జూనియర్. యానిమేషన్‌లో మామూలుగా ఒక్కొక్కర్నీ విడివిడిగా బూత్‌లో కూర్చోబెట్టి డైలాగులు రికార్డు చేస్తారు. సౌండ్ శుభ్రంగా వస్తుంది, ఎడిటింగ్ సులువు. ఇక్కడ నలుగుర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి, నోటికొచ్చింది మాట్లాడుకోనిచ్చారు. అందుకే సినిమాలో ఒకడి మాట పూర్తి కాకుండానే ఇంకొకడు అందుకుంటాడు, మూడోవాడు వెక్కిరిస్తాడు, నాలుగోవాడు వాడి గోల వాడు చెప్పుకుంటూ ఉంటాడు. నేను దీన్ని మా మేనల్లుడితో కలిసి చూశాను, వాడికి పన్నెండేళ్లు, పాత కార్టూన్ ఒక్క ఎపిసోడ్ కూడా ఎరగడు. పావుగంటకల్లా “మామయ్యా, వీళ్లు మా బస్సులో వెనక సీటు బ్యాచ్ లాగా ఉన్నారు” అన్నాడు. నాకు అంతకంటే మంచి రివ్యూ కనిపించలేదు.

ఇక బొమ్మ సంగతి. 2018లో వచ్చిన ‘స్పైడర్ మ్యాన్: ఇంటూ ది స్పైడర్ వెర్స్’ యానిమేషన్ సినిమా ఆ మరుసటి ఏడాది ఆస్కార్ గెలిచేదాకా పెద్ద స్టూడియోల 3డీ సినిమాలన్నీ దాదాపు ఒకే రకంగా నున్నగా, గుండ్రంగా మెరుస్తూ ఉండేవి. ఆ తలుపు తెరుచుకున్నాక చాలామంది కామిక్ పుస్తకం లుక్ అంటూ వెంటపడ్డారు. జెఫ్ రో బృందం వేరే దారి పట్టింది: స్కూల్లో కుర్రాడు క్లాసు వినకుండా నోట్‌బుక్ చివరి పేజీలో గీసే బొమ్మలు. పెన్ను గట్టిగా నొక్కి, ఒక గీత మీద ఇంకో గీత దిద్ది, కళ్లు ఒకటి పైకీ ఒకటి కిందికీ, కొలతల జోలికి పోకుండా, బోలెడంత ఇష్టంతో వేసే బొమ్మలు. సినిమా మొత్తం ఆ కుర్రాడే వేసినట్టు ఉంటుంది.

ఇది వినడానికి సులువుగా ఉంటుంది, చేయడం ఎంత కష్టమో చెబుతాను. 3డీలో మొహం మోడల్ చేసేటప్పుడు మామూలుగా సగం మొహమే చేస్తాం. రెండో సగం మిర్రర్ కొట్టేస్తాం. సాఫ్ట్‌వేర్ అంతా ఆ అలవాటు మీదే నడుస్తుంది, రిగ్గింగ్ వాళ్లకి, అంటే మోడల్ కదిలేలా లోపల ఎముకల్లాంటివి అమర్చేవాళ్లకి కూడా అదే హాయి. ఈ సినిమాలో మనుషుల మొహాలు చూడండి: దవడ ఒక పక్కకి జారి ఉంటుంది, ముక్కు వంకర, ఒక కన్ను పెద్దది, పళ్లు ఎవరి దారి వాటిదే. మిర్రర్ బటన్ పనికిరాదు. ప్రతి మొహాన్నీ రెండు వైపులా విడివిడిగా కట్టుకోవాలి, అది కదిలినప్పుడు ఆ వంకర చెడిపోకుండా కాపాడుకోవాలి.

నా పని లైటింగ్ కాబట్టి నేను రిమోట్ పట్టుకుని ఆపి ఆపి చూసింది దీపాల్ని. న్యూయార్క్ రాత్రి, వీధి దీపం. మామూలుగా దీపం చుట్టూ వెలుగు ఎలా పరుచుకోవాలో రెండరర్ (తుది బొమ్మని తయారుచేసే సాఫ్ట్‌వేర్) లెక్క కడుతుంది, మెత్తగా కరిగిపోయే కాంతి వలయం వస్తుంది. ఇక్కడ ఆ వలయం స్థానంలో పెన్సిల్ పిచ్చి గీతలున్నాయి, చేత్తో గిరగిరా తిప్పి గీసినట్టు. చంద్రుడికీ అంతే. పేలుళ్లలో పొగ కూడా గీతల ముద్దే. నీడ ఉండాల్సిన చోట అడ్డగీతలు. మా దగ్గర రివ్యూలో ఫ్రేములో కాస్త గరుకు కనిపిస్తే “నాయిస్ ఉంది, క్లీన్ చెయ్యి” అని నోట్ వస్తుంది. ఈ సినిమాలో మనుషులు నెలల తరబడి కూర్చుని ఆ గరుకుని చేత్తో ఎక్కించారు. కదలిక కూడా అదే పద్ధతి. సెకనుకి 24 ఫ్రేములుంటే, చాలాచోట్ల ఒక్కో పోజుని రెండేసి ఫ్రేములు నిలబెట్టారు, మేం ‘ఆన్ టూస్’ అంటాం. అందుకే కదలిక కొంచెం తెగినట్టు, చేత్తో గీసిన పాత కార్టూన్ల తీరులో ఉంటుంది. మైక్రోస్, సినీసైట్ అనే రెండు స్టూడియోల వాళ్లు ఈ యానిమేషన్ పని చేశారు. ఎండ్ టైటిల్స్‌లో ఆ పేర్లన్నీ వెళ్లిపోయేదాకా నేను లేవలేదు. మీరు కూడా కాసేపు కూర్చోండి, మధ్యలో పాత కార్టూన్ అభిమానులకి ఒక కానుక ఉంది.

1984 కామిక్ గరుకు గీతలు, 1987 కార్టూన్ రంగులు, అల్లరి రెండూ కలిసి ఒకే తెర మీద కనిపించడం నాకు ఇదే మొదటిసారి.

కథ చెప్పేస్తే మజా పోతుంది కాబట్టి ఒక్క తీగ మాత్రం పట్టుకుంటాను. స్ప్లింటర్ అనే ఎలుక, ఈ నలుగురికీ తండ్రి. జాకీ చాన్ గొంతు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు వాళ్లని చంకనేసుకుని ఒకసారి జనంలోకి వెళ్తాడు. జనం కేకలు పెట్టి తరుముతారు. అంతే, ఆ రోజు నుంచి మనుషులంటే భయం, అసహ్యం. పిల్లల్ని మురుగు కాలువల్లోనే పెంచుతాడు, వీడియోలు చూసి తను కుంగ్‌ఫూ నేర్చుకుని వాళ్లకి నేర్పుతాడు. మనుషులకి దొరికితే మిమ్మల్ని కట్టేసి పాలు పిండేస్తారని బెదిరిస్తాడు. మేనల్లుడు ఇక్కడ పడీ పడీ నవ్వాడు. పక్కన కూరగాయలు తరుగుతున్న మా అక్క మాత్రం, “అమ్మ కూడా ఇంతే కదరా, సందు చివరికి వెళ్తే బూచాడు ఎత్తుకుపోతాడని” అంది. ఆ తర్వాత కత్తిపీట పక్కన పెట్టేసి సినిమాలోకి వచ్చేసింది.

దీనికి ఎదురుగా విలన్ సూపర్‌ఫ్లై. వాడూ తాబేళ్లలాగే మ్యూటెంటే, అంటే రూపం మారిపోయి మనిషిలా మాట్లాడే జీవే, వాడూ మనుషుల చేతిలో దెబ్బ తిన్నవాడే, వాడూ తన తోబుట్టువుల్ని తనే పెంచాడు. స్ప్లింటర్ దాక్కుందాం అంటాడు, సూపర్‌ఫ్లై మనుషుల్ని లేకుండా చేద్దాం అంటాడు. పిల్లలకేమో హైస్కూల్‌కి వెళ్లాలని ఉంది. గాయం ఒకటే, మందులు మూడు. తాబేళ్లు సూపర్‌ఫ్లైని మొదటిసారి కలిసినప్పుడు వాడంటే భయపడరు, ముచ్చట పడతారు. తమలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని తెలిసిన సంతోషం అది. ఈ ఒక్క సన్నివేశం కోసమైనా ఈ సినిమాకి మార్కులు వేస్తాను. పాత కార్టూన్‌లో విలన్ అంటే ప్రతి వారం వచ్చి తన్నులు తిని పోయేవాడే.

మీకు నచ్చని సంగతులు కూడా ఉండొచ్చు. ఏప్రిల్ ఓనీల్ పసుపు జంప్‌సూట్ వేసుకున్న టీవీ రిపోర్టర్ కాదు, స్కూలు పిల్ల, కెమెరా చూస్తే కడుపులో తిప్పే అమ్మాయి. ఆ వాంతుల జోకు మరీ ఎక్కువసార్లు వాడారు, ఒకసారితో ఆపి ఉంటే బాగుండేది. పాప్ పాటలు, సినిమాలు, సెలబ్రిటీల ప్రస్తావనలు ఊపిరాడనివ్వవు, పదేళ్లు పోతే వాటిలో సగం ఎవరికీ అర్థం కావు. చివరి యుద్ధంలో మహాకాయుడైన రాక్షసుడు నగరం మీద పడటం మనం వందసార్లు చూసిందే, కాకపోతే అక్కడ న్యూయార్క్ జనం చేసే పని వల్ల అది నిలబడింది. ష్రెడర్ కోసం చూస్తే మాత్రం నిరాశే, కథంతా సూపర్‌ఫ్లైదే.

సంగీతం ట్రెంట్ రెజ్నర్, ఆటికస్ రాస్ చేశారు. మంచి స్పీకర్లు ఉంటే వాటి మీదే వినండి, ఫోన్లో చూస్తే ఆ బేస్ సగం పోతుంది. బొమ్మ విషయంలోనూ అదే మాట, పెద్ద తెర దొరికితే వదలకండి.

పిల్లల విషయానికి వస్తే, గంటా నలభై నిమిషాల సినిమా, అమెరికాలో పీజీ రేటింగ్, అంటే పిల్లలకి పెద్దవాళ్ల తోడు ఉంటే మంచిదని. ఎనిమిదేళ్లు దాటినవాళ్లు హాయిగా చూస్తారు. అయిదారేళ్ల వాళ్లకి విలన్ రూపం మారే చివరి భాగం భయం పుట్టించొచ్చు, పక్కన కూర్చోండి. ఇంగ్లీషులో చూసేట్టయితే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే పెద్దవాళ్లకే అందదు. ముందుగా పాత ఎపిసోడ్లు చూపించి పిల్లల్ని తయారుచేయాల్సిన పని లేదు, మొదటి పది నిమిషాల్లో అన్నీ కొత్తగా చెబుతారు. నచ్చితే దీనికి కొనసాగింపుగా 2024లో ‘టేల్స్ ఆఫ్ ది టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్’ సిరీస్ వచ్చింది. అందులోనూ ఆ నలుగురు కుర్రాళ్ల గొంతులే, బొమ్మలు మాత్రం 2డీ. మా మేనల్లుడు ప్రస్తుతం దాని మీదే ఉన్నాడు, డొనాటెల్లో వాడి జట్టు.