స్కూల్ లైబ్రరీలో కొత్తగా చేరిన మా అమ్మాయికి

అమ్మాయీ,

చెన్నై వేళచ్చేరి స్కూల్లో లైబ్రేరియన్‌గా చేరావని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. పుస్తకాలకు నంబర్లు వేయడం, కంప్యూటర్లో కేటలాగ్ ఎక్కించడం నీకు కోర్సులో నేర్పే ఉంటారు. కానీ ఎనిమిదో క్లాసు పిల్లాడొకడు వచ్చి "మేడమ్, ప్రాజెక్ట్‌కి బుక్ కావాలి" అని నిలబడితే ఏం చేయాలో అక్కడ పెద్దగా చెప్పరు, అందుకే ఇది రాస్తున్నాను.

పిల్లలు మొదట నోటితో అడిగేది ఒకటి, వాళ్ళకి కావలసింది ఇంకొకటి. "నీళ్ళ మీద బుక్" అంటాడు. నువ్వు వెంటనే లేచి సైన్స్ బీరువా దగ్గరికి వెళ్ళావంటే అయిపోయినట్టే, వాడు ఆ పుస్తకంలో బొమ్మలు చూసి వెళ్ళిపోతాడు. ముందు డైరీ చూపించమను, టీచర్ ఏం రాయించారో చదువు. ఏ సబ్జెక్టు, ఎన్ని పేజీలు, ఎప్పటికి ఇవ్వాలి, ఇప్పటికే ఏం తెలుసు అని నిదానంగా అడుగు. అప్పుడు తెలుస్తుంది, వాడికి కావలసింది సోషల్ ప్రాజెక్టుకి వాళ్ళ ఇంటి వెనక పారే బకింగ్‌హామ్ కాలువ చరిత్ర అని.

ఇక్కడే పిల్లలకి అసలు ఇబ్బంది మొదలవుతుంది. విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో, ఆ ఒక్క కాలువ గురించి రవాణా పుస్తకాలుండే 386లో దొరకొచ్చు, నీటి పనుల ఇంజనీరింగ్ ఉండే 627లో దొరకొచ్చు, మన దేశ చరిత్ర ఉండే 954లోనూ దొరకొచ్చు. మూడు చోట్ల వెతకాలని ఎవరూ చెప్పకపోతే పిల్లాడు ఒక అల్మారా చూసి "లేదు మేడమ్" అంటాడు. నువ్వు పక్కనే నడువు, కానీ పుస్తకం వాడి చేత్తోనే తీయించు. తీశాక మొదటి పేజీ నుంచి తిప్పనివ్వకుండా వెనక ఉన్న ఇండెక్స్ తెరిపించు. పదో క్లాసు దాటిన వాళ్ళలోనూ చాలామందికి పుస్తకం చివర ఇండెక్స్ ఉంటుందనే తెలియదంటే నమ్ము.

తర్వాత ఏమవుతుందో చెప్తాను. 1806లో కొక్రేన్ కాలువగా మొదలైందని, 1876-78 కరువులో కూలి పనుల కింద పొడిగించారని, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారని రాసుకుంటాడు. అంతలో ఒక పుస్తకంలో పొడవు సుమారు 420 కిలోమీటర్లని, ఇంకోదాంట్లో 796 అని కనిపిస్తుంది. "ఏది కరెక్ట్ మేడమ్?" అంటాడు. దయచేసి నువ్వు చెప్పేయకు. అట్లాస్ తెచ్చి పెద్దగంజాం, మరక్కాణం ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమను, తర్వాత కాకినాడ చూపించమను. పెద్దగంజాం నుంచి మరక్కాణం దాకా లెక్క పెడితే ఒక అంకె, పైన కాకినాడ, ఏలూరు, కొమ్మమూరు కాలువలు కూడా కలుపుకుంటే ఇంకో అంకె. అది వాడంతట వాడు కనిపెట్టాడనుకో, ఇక ఏ పుస్తకంలో అంకె చూసినా ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడుగుతాడు. ఆ అలవాటు కోసమే మనం అక్కడ కూర్చునేది.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ గారు 1924లో ఈ ఊరి మద్రాసు యూనివర్సిటీ లైబ్రరీకే మొదటి లైబ్రేరియన్ అయ్యారు, 1931లో గ్రంథాలయ శాస్త్రపు ఐదు సూత్రాలు ప్రచురించారు, నువ్వూ చదివే ఉంటావు. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది నాలుగోది. నలభై నిమిషాల పీరియడ్‌లో నలభై మంది పిల్లలుంటే ఆ సూత్రం విలువ బాగా తెలుస్తుంది. అందుకే టీచర్లతో ముందే మాట్లాడి వచ్చే వారం ఏ ప్రాజెక్టు ఇస్తున్నారో కనుక్కో, ఆ పుస్తకాలు ఒక బల్ల మీద విడిగా పెట్టి ఉంచు. టీచర్లు తమంతట తాము వచ్చి చెప్పరు, నువ్వే స్టాఫ్ రూమ్‌కి వెళ్ళాలి.

తెలుగు నిఘంటువు సంగతి. ఇంట్లో తెలుగు మాట్లాడి స్కూల్లో తమిళం, ఇంగ్లీషు చదివే పిల్లలు నీ దగ్గరికి తప్పకుండా వస్తారు. "క్షమ" వెతకమంటే చివర్లో హ తర్వాత వెతుకుతారు, ఎందుకంటే వర్ణమాల చార్టులో క్ష అక్కడే ఉంటుంది. నిఘంటువులో అది క కిందే, గుణింతాలన్నీ అయ్యాక వస్తుంది. ఒక అట్ట మీద వరుస రాసి ఆ పుస్తకం పక్కనే తగిలించు, చాలా టెన్షన్ తగ్గుతుంది.

పాత పుస్తకాల విషయంలో జాగ్రత్త. 2014కి ముందు అచ్చయిన అట్లాస్‌లో తెలంగాణ విడిగా ఉండదు, పిల్లలు అదే మ్యాప్ చార్టు మీద దించేస్తారు. పుస్తకం తెరవగానే అచ్చయిన సంవత్సరం చూడటం నేర్పు. నోట్స్‌లో పైన పుస్తకం పేరు, పేజీ నంబరు రాశాకే కింద విషయం రాయమను, నెట్‌లో చూసినా అంతే. వికీపీడియా వద్దనకు, కింద ఇచ్చిన ఆధారాల దాకా వెళ్ళి చూడమను. చార్టుల కాలంలో బ్లేడుతో బొమ్మలు కోసేస్తారు, ముందే ఒక పెట్టెలో పాత మ్యాగజైన్లు వేసి "ఇవి కోసుకోవచ్చు" అని రాసి పెట్టు.

రిఫరెన్స్ పుస్తకాలు ఇంటికి ఇవ్వకూడదని రూలుంటుంది. నా ఉద్దేశంలో శుక్రవారం సాయంత్రం ఇచ్చి సోమవారం పొద్దున్నే తీసుకుంటే ఏ నష్టమూ లేదు, ప్రిన్సిపాల్ గారిని ఒప్పించి చూడు. ఇంట్లో నెట్ లేని పిల్లలకి అదొక్కటే దారి.

మీ దగ్గర దొరకనివి ఎగ్మూర్ కన్నెమరా పబ్లిక్ లైబ్రరీలో దొరుకుతాయి, దేశంలో అచ్చయిన పుస్తకాలు చట్టప్రకారం అక్కడికి రావాలి కాబట్టి మన తెలుగువీ ఉంటాయి. కోట్టూర్‌పురం అణ్ణా లైబ్రరీలో పిల్లల విభాగం ఉంది, మీకు దగ్గర కూడా. పెద్ద క్లాసుల వాళ్ళని ఒక శనివారం తీసుకెళ్ళడానికి పర్మిషన్ అడుగు. రోజు ఖాయమయ్యాక ఫోన్ చెయ్యి, తోడుగా నేనూ వస్తాను.

ఇట్లు,
మీ పిన్ని