పాస్టర్ల జాబితా రాస్తే సంఘ చరిత్ర అవుతుందా?

ప్రశ్న: మా ప్రెస్బిటేరియన్ సంఘానికి త్వరలో 200 ఏళ్లు నిండుతున్నాయి. చరిత్ర పుస్తకం రాసే పని నాకు అప్పగించారు. 150 ఏళ్లప్పుడు వేసిన చిన్న పుస్తకం ఒకటి ఉంది. అందులో పాస్టర్ల ఫోటోలు, ఎవరు ఎన్నేళ్లు పనిచేశారు, గుడి ఎప్పుడు కట్టారు, అంతే. దాన్నే పొడిగిస్తే చాలా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు

జవాబు: చాలదండీ. ఆ పుస్తకంలోని తేదీలు మీకు పనికొస్తాయి, దగ్గర పెట్టుకోండి. కానీ ప్రెస్బిటేరియన్ సంఘం కథను పాస్టర్ల వరసగా చెబితే సంఘాన్ని నిలబెట్టిన మనుషులే అందులో కనబడరు. పేరులోనే ఉంది కదా, గ్రీకులో ప్రెస్బుటెరోస్ అంటే పెద్ద. సంఘస్తులు ఎన్నుకున్న పెద్దలు, పాస్టరు కలిసి కూర్చునే సభే సెషన్, సంఘాన్ని నడిపేది అదే. పాస్టరును సంఘం పిలుచుకుంటుంది గానీ, ఆ పిలుపును ఆ ప్రాంతంలోని సంఘాలన్నిటి మీదా ఉండే ప్రెస్బిటరీ ఒప్పుకోవాలి. ఇంకో సంగతి, చాలా ప్రెస్బిటేరియన్ శాఖల్లో పాస్టరు పేరు సంఘం రిజిస్టరులో సభ్యుడిగా ఉండదు, ఆయన ప్రెస్బిటరీలో సభ్యుడు.

కాబట్టి మొదట సెషన్ మినిట్స్ పుస్తకాలు, అంటే సమావేశాల్లో ఏం జరిగిందో రాసిపెట్టినవి, అడగండి. మొదటి ఇరవై ఏళ్లవి తొందరపడకుండా చదవండి. ఎవరు ఏ ఊరి సంఘం నుంచి ఉత్తరం తెచ్చుకుని చేరారు, ఎవరి బిడ్డకు బాప్తిస్మం ఇచ్చారు, తాగి గొడవ చేశాడని ఎవరిని పిలిచి మందలించారు, ఎవరు ఒప్పుకుని మళ్లీ ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) దగ్గరికి వచ్చారు, అన్నీ అందులోనే ఉంటాయి. పాతకాలంలో బల్లకు ముందు పెద్దలు ఇళ్లకు వెళ్లి మాట్లాడి, అర్హులనుకున్న వాళ్లకు సీసంతో పోసిన చిన్న బిళ్ల ఇచ్చేవారు. ఆ బిళ్ల చేతిలో ఉంటేనే బల్లలో కూర్చోనిచ్చేవారు. మీ గుడి బీరువాలో ఎక్కడైనా అలాంటి బిళ్లలు పడున్నాయేమో వెతకండి, చాలాసార్లు వాటి మీద సంఘం పేరో ఏడాదో ఉంటుంది. డబ్బు లెక్కలు, ఆస్తి వ్యవహారాలు మాత్రం చాలా సంఘాల్లో ట్రస్టీల పుస్తకంలో వేరుగా ఉంటాయి, అవీ అడగండి.

మినిట్స్ కాలిపోయాయనో పోయాయనో అన్నా కంగారుపడకండి. సెషన్ పుస్తకాలను ప్రెస్బిటరీ తెప్పించుకుని చూసి సంతకం పెట్టే పద్ధతి ఈ సంఘాల్లో మొదటినుంచీ ఉంది. పాస్టరు నియామకం, రాజీనామా, పెద్దది అయిన ప్రతి గొడవా ప్రెస్బిటరీ మినిట్స్‌లోకి ఎక్కుతాయి. మీది స్కాట్లాండ్ సంఘమైతే, అక్కడి పాత సెషన్ పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. అమెరికాలో అయితే 1852లో మొదలైన ప్రెస్బిటేరియన్ హిస్టారికల్ సొసైటీ ఫిలడెల్ఫియాలో ఉంది, ఎన్నో సంఘాల రికార్డులు అక్కడికి చేరాయి.

సంఘం ఎప్పుడు పుట్టిందన్న దగ్గర మీకు మొదటి చిక్కు వస్తుంది. ఎవరింట్లోనో జరిగిన మొదటి ప్రార్థన కూటం తేదీ ఒకటి, ప్రెస్బిటరీ సంఘంగా గుర్తించిన తేదీ ఒకటి, పునాదిరాయి మీద తేదీ ఇంకొకటి. నేనైతే ప్రెస్బిటరీ తేదీనే తీసుకుంటాను, ఎందుకంటే పెద్దలను ఎన్నుకుని సెషన్ ఏర్పడ్డాకే అది ప్రెస్బిటేరియన్ సంఘం అయింది. మిగతా రెండూ కూడా రాయండి, దాచకండి.

చీలికల గురించి పాత పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి, మీరు అక్కడ ఆగండి. స్కాట్లాండ్‌లో పాస్టరును పెట్టే హక్కు భూస్వామిదా సంఘానిదా అన్న గొడవ ముదిరి, 1843 మేలో పాస్టరు థామస్ చామర్స్ ముందుండగా, స్కాట్లాండ్ చర్చిలోని సుమారు 1,200 మంది పాస్టర్లలో 474 మంది గుడి, ఇల్లు, జీతం వదిలేసుకుని ఫ్రీ చర్చ్ అనే వేరే శాఖ పెట్టుకున్నారు. కొన్నిచోట్ల భూస్వాములు గుడికి స్థలం కూడా ఇవ్వలేదు. స్ట్రాంటియన్ అనే ఊళ్లో ఫ్రీ చర్చ్ జనం 1846లో ఇనుముతో తేలే గుడి చేయించి, సముద్రపు పాయలో లంగరు వేసి అందులో ఆరాధన చేశారు! ఇలాంటిది మీ సంఘంలో ఎవరో ఒకరి తాతముత్తాతలకు జరిగి ఉండొచ్చు. ఒకే ఊళ్లో రెండు ప్రెస్బిటేరియన్ గుళ్లు ఎందుకున్నాయో, 1900, 1929లో అక్కడి శాఖలు విలీనమైనప్పుడు పేర్లు ఎందుకు మారాయో దీన్నిబట్టే అర్థమవుతుంది. అమెరికా సంఘమైతే 1837లో ఓల్డ్ స్కూల్, న్యూ స్కూల్ అనే రెండు వర్గాలుగా విడిపోవడం, 1861లో అంతర్యుద్ధంతో దక్షిణాది సంఘాలు వేరుపడటం చూడాలి. ఉత్తర, దక్షిణ శాఖలు మళ్లీ కలిసింది 1983లో. ఆ ఏడాదుల్లో మీ పెద్దలు ఎటు ఓటేశారు, ఎవరు లేచి వెళ్లిపోయారు అన్నది మినిట్స్‌లో దొరికితే ఒక అధ్యాయమంతా దానికే ఇవ్వండి.

ఇక అన్నిటికన్నా నేను గట్టిగా అడిగేది ఒకటి. అమెరికా దక్షిణాది సంఘాల పాత రిజిస్టర్లలో బానిసలుగా ఉన్న సభ్యుల పేర్లు ఉంటాయి, చాలాసార్లు ఇంటిపేరు లేకుండా, పక్కన యజమాని పేరుతో. మీ పుస్తకాల్లో అలాంటివి ఉంటే ప్రతి పేరూ ఉన్నది ఉన్నట్టు అచ్చేయండి. వాళ్లూ ఆ సంఘ సభ్యులే. ఆడవాళ్ల సంగతీ అంతే. అమెరికా ఉత్తర శాఖలో స్త్రీలు పెద్దలు కావడం 1930లో, స్కాట్లాండ్ చర్చిలో 1966లో మొదలైంది. అంతకుముందు సెషన్ నిర్ణయాల్లో వాళ్ల మాట వినబడదు. స్త్రీల సమాజం లెక్కల పుస్తకం, మిషన్ చందాల పుస్తకం వెతికితే గుడికి పైకప్పు వేయించింది ఎవరి డబ్బో తెలిసే అవకాశం ఉంది.

ప్రశ్న: పాత మినిట్స్‌లో వ్యభిచారం, దొంగతనం లాంటి కేసులు పేర్లతో సహా ఉన్నాయి. ఆ కుటుంబాలవాళ్లు ఇప్పటికీ మా గుడికి వస్తారు. రాయాలా, వద్దా?
— ఇంకో పాఠకుడు

జవాబు: విషయం రాయండి, పేరు వదిలేయండి. క్రమశిక్షణ లేకుండా ఆ కాలపు సెషన్ లేదు కాబట్టి దాన్ని తీసేస్తే చరిత్ర అబద్ధమవుతుంది. కానీ ఒక్కటి గమనించండి. ఈ కేసుల్లో పెళ్లికాకుండా గర్భం వచ్చిన అమ్మాయిని నలుగురిలో నిలబెట్టడం కనిపిస్తుంది, ఆ మగవాడు ఒప్పుకోకపోతే కొన్నిసార్లు కేసు అక్కడే ఆగిపోవడమూ కనిపిస్తుంది. అది కనబడితే తప్పకుండా చెప్పండి. ఆ అమ్మాయి తర్వాత ఏమైందో, మళ్లీ బల్లలో చేరిందో లేదో, తర్వాతి పేజీల్లో వెతికి మరీ రాయండి.