కండోమ్ వాడితే గర్భం, జబ్బులు నిజంగా ఆగుతాయా?

పెళ్లయి ఏడాది కూడా కాలేదు, కండోమ్ వాడుతున్నా నెలసరి రెండు రోజులు అటూఇటూ అయితే ఇద్దరికీ కంగారే, అసలు దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు, జబ్బుల సంగతేంటి అని అడిగారు.

నమ్మొచ్చు. నూటికి నూరు పాళ్లు మాత్రం కాదు. ప్రతిసారీ, సరిగ్గా వాడే వంద జంటలుంటే ఏడాదిలో ఇద్దరికి గర్భం వస్తుంది. జనం మామూలుగా వాడే తీరులో అయితే సుమారు 13 మందికి. ఈ తేడాలో రబ్బరు పాపమేమీ లేదు. అంతా మన తొందర, మొహమాటం, 'ఈ ఒక్కసారికీ ఏం కాదులే'.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ డ్రైవర్లకు, క్లీనర్లకు హెచ్ఐవీ గురించి చెప్పే పనిలో కొన్నేళ్లున్నాను. తర్వాత ఒక ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ పరీక్ష చేసి సలహా ఇచ్చే కేంద్రంలో, కౌన్సెలర్‌గా చేశాను. "వాడాం మేడమ్, అయినా ఇలా అయింది" అనే మాట అక్కడ రోజూ వినేదాన్నే. నెమ్మదిగా అడుగుతూ పోతే అసలు సంగతి బయటపడేది. చాలామంది మొదట్లో వేసుకోరు, చివర్లో వేసుకుంటారు. ముందుగా వచ్చే జిగురులోనూ వీర్యకణాలు ఉండొచ్చు, హెచ్ఐవీ ఉన్నవాళ్లయితే ఆ వైరస్ కూడా ఉండొచ్చు. ఇంకొందరు కొబ్బరినూనె రాసేవాళ్లు. నూనె గానీ, వ్యాజిలిన్ గానీ తగిలితే లేటెక్స్ నిమిషాల్లోనే బలహీనపడుతుంది. జారుడు కావాలంటే నీటితో చేసిన జెల్ వాడాలి. ప్యాకెట్టు క్యాబిన్‌లో డాష్‌బోర్డు మీద పడేసి, బెజవాడ మే నెల ఎండలో నెలంతా తిప్పినవాళ్లను చూశాను. పళ్లతో చించేవాళ్లు సరేసరి. ఒకాయనైతే రెండు కలిపి వేసుకుంటానని గొప్పగా చెప్పాడు. ఒకదానికొకటి రాసుకుని చిరిగిపోయే ప్రమాదం ఎక్కువని చెప్తే, "మరి ముందే చెప్పరేం" అని నా మీదే విసుక్కున్నాడు.

ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే నిరోధ్ నాసిరకం అనే అపోహ కూడా బాగా ఉంది. ఏ కండోమ్‌నైనా ఫ్యాక్టరీలో ఒక్కొక్కదాన్నీ కరెంటుతో పరీక్షించి చిల్లులున్నవి తీసేస్తారు. మామూలు సైజువి కొన్ని తీసి గాలి ఊదుతారు, కనీసం 18 లీటర్లు పట్టేదాకా పగలకూడదు. ఖరీదైనవాటిలో మీరు డబ్బు పెట్టేది చాలావరకు వాసనకూ రంగుకూ. కొనేటప్పుడు చూడాల్సింది గడువు తేదీ. ప్యాకెట్టు నొక్కితే లోపల గాలి బుడగ తగలాలి. వేసుకునేటప్పుడు కొసన గాలి లేకుండా వేళ్లతో పట్టుకోవాలి. పని అయ్యాక అంగం మెత్తబడకముందే, మొదలు దగ్గర కండోమ్‌ను పట్టుకుని బయటికి తీయాలి. జారి లోపలే ఉండిపోయిందని వచ్చినవాళ్లంతా ఈ చివరి పని చేయనివాళ్లే.

ఇక జబ్బులు. ఒకరికి హెచ్ఐవీ ఉండి ఇంకొకరికి లేని జంటల్లో, ఎప్పుడూ కండోమ్ వాడితే సోకడం దాదాపు 80 శాతం తగ్గుతుందని అధ్యయనాలు తేల్చాయి. లేటెక్స్‌లోంచి వైరస్ దూరిపోతుందని వాట్సాప్‌లో తిరిగేది అబద్ధం, చిరగని లేటెక్స్‌ను అది దాటలేదు. గనేరియా, క్లమీడియా లాంటివి స్రావాల ద్వారా వస్తాయి కాబట్టి వాటిని కూడా బాగానే ఆపుతుంది. హెర్పిస్, సిఫిలిస్ పుండ్లు, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖ క్యాన్సర్‌కు దారితీసే వైరస్) అలా కాదు. అవి చర్మం చర్మానికి తగిలినా అంటుకుంటాయి, కండోమ్ కప్పని చోట పుండు ఉంటే అది చేసేదేమీ లేదు. రిస్కు తగ్గుతుంది, పోదు. హెచ్‌పీవీకి టీకా ఉంది, దాని గురించి డాక్టర్‌ను అడగండి.

చిరిగితే కంగారుపడి కూర్చోకండి. గర్భం రాకుండా 72 గంటల్లోపు ఎమర్జెన్సీ మాత్ర వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. ఐదు రోజుల్లోపు కాపర్-టి (గర్భసంచిలో పెట్టే చిన్న సాధనం) వేయించుకుంటే ఇంకా గట్టిగా పనిచేస్తుంది. హెచ్ఐవీ అనుమానం ఉంటే అదే 72 గంటల్లోపు ఏఆర్‌టీ సెంటరుకు (హెచ్ఐవీ మందులిచ్చే ప్రభుత్వ కేంద్రం) వెళ్లి, వైరస్ సోకకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే పెప్ మందులు అడగండి, 28 రోజులు వాడాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, ఉచితం.

మీ ఇద్దరికీ వేరే సంబంధాలు లేవు, పరీక్షల్లోనూ ఏమీ లేదు అనుకుంటే మీ కంగారంతా గర్భం గురించే. అలాంటప్పుడు కండోమ్ ఒక్కదాని మీదే ఆధారపడి నెలనెలా క్యాలెండర్ చూస్తూ కూర్చోవడం ఎందుకు? కాపర్-టి, ఛాయ అనే గర్భనిరోధక మాత్రలు, మూడు నెలలకోసారి వేసే అంతర అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతాయి. మనవాళ్లకు ఇలాంటి తాత్కాలిక పద్ధతులు పట్టవు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, కండోమ్ మీద ఉన్నవాళ్లు వందకు ఒకరు కూడా లేరు. పిల్లలు పుట్టేదాకా ఏమీ వాడరు, పుట్టాక భార్యను ఆపరేషన్ బల్ల ఎక్కిస్తారు. ఆ లెక్కన మీరిద్దరూ కలిసి ఆలోచిస్తున్నారంటేనే నాకు సంతోషంగా ఉంది.

ఒకవేళ ఇవన్నీ దాటి గర్భం వస్తే, గర్భనిరోధక పద్ధతి విఫలమైందన్న కారణం మీద 20 వారాల వరకు అబార్షన్ చేయించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. 2021 సవరణ తర్వాత పెళ్లి కానివాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గరికో, మెడికల్ షాపులో మాత్రలకో కాకుండా నేరుగా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. భర్త సంతకం తప్పనిసరి అని ఎక్కడైనా అంటే, మేజరైన స్త్రీకి తన సంతకం చాలు అని చెప్పండి.