చేప పేనుకు సక్కర్ చేప మందు కాదు

ప్రశ్న: మా చెరువులో శీలావతి, బొచ్చె చేపలు ఎగిరెగిరి పడుతూ, వెదురు బొంగులకు ఒళ్లు రాసుకుంటున్నాయి. ఒంటిపై ఎర్ర మచ్చలున్నాయి. ఎర్రమచ్చల తెగులని డీలరు రెండుసార్లు పురుగుమందు చల్లించారు. తగ్గకపోవడంతో, పరాన్నజీవులను తినే క్లీనర్ చేపలంటూ ఇప్పుడు సక్కర్ చేపలను వేయమంటున్నారు. ఎకరాకు ఎన్ని వేయాలి?

జవాబు: ఒక్కటి కూడా వేయకండి. సక్కర్ చేప నాచును గీకి తింటుందే తప్ప తోటి చేపల ఒంటి మీది పరాన్నజీవులను ఏరి తినదు. పైగా గట్లలో బొరియలు తవ్వుతుంది, చెరువు ఎండగట్టినా తడి బురదలో బతికి ఉంటుంది, కాలువలోకి జారుకుంటే దాన్ని తిరిగి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

నిజమైన క్లీనర్ చేపలు సముద్రంలో ఉంటాయి. పగడపు దిబ్బల్లో వేలెడంత ఉండే క్లీనర్ రాస్ అనే చేప ఒకచోట కాపురముంటే, పెద్ద చేపలే దాని దగ్గరకు వచ్చి నోరు, మొప్పలు తెరిచి నిలబడతాయి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌ పగడపు దిబ్బల్లో చేసిన పరిశీలనలో ఒక్కో క్లీనర్ చేప రోజుకు సగటున 1,200కు పైగా పరాన్నజీవులను తిన్నట్లు తేలింది. నిజానికి దానికి పరాన్నజీవుల కన్నా చేప ఒంటి జిగురంటేనే ఎక్కువ ఇష్టం. జిగురు కోసం కొరికితే పెద్ద చేప తరుముతుంది లేదా వెళ్లిపోతుంది గనుక పరాన్నజీవులతో సరిపెట్టుకుంటుంది. నార్వే, స్కాట్లాండ్‌లలో సాల్మన్ చేపలను పెంచే వల పంజరాల్లో సముద్రపు పేను అదుపునకు బాలన్ రాస్ అనే రాస్ రకాన్ని, చలి నీటిలో రాస్ మందగిస్తుంది కాబట్టి లంప్‌ఫిష్ అనే మరో చేపను వేస్తారు. వాటికి దాగే చోటు, ప్రత్యేక మేత, నాచు పట్టని వలలు సమకూర్చాలి; అంత చేసినా చాలా చనిపోతున్నాయన్నది అక్కడి వారిని వేధిస్తున్న సమస్య. ఇవేవీ మంచినీటి చెరువులో బతకవు.

మీ చేపలకు ఉన్నది ఆర్గులస్ అనే చేప పేను అని నా గట్టి అనుమానం. ఎర్ర మచ్చలు అది కుట్టిన గాయాలు. వేర్వేరు చోట్ల వల వేసి పట్టిన పది చేపలను రెక్కల మొదళ్ల వద్ద, మొప్పల మూత చుట్టూ పరిశీలించండి. 5 నుంచి 10 మిల్లీమీటర్ల పొడవున, బల్లపరుపుగా, రెండు నల్లని కళ్లతో కదిలే పురుగు కంటికే కనిపిస్తుంది.

ఆడ పేను చేపను వదిలి బొంగులు, రాళ్ల వంటి గట్టి వస్తువులపై వరుసలుగా గుడ్లు పెడుతుంది. మందుతో పెద్ద పేన్లు చచ్చినా గుడ్లు మిగులుతాయి, వెచ్చని నీటిలో సుమారు రెండు వారాల్లో పొదుగుతాయి. మీరు రెండుసార్లు చల్లినా తగ్గకపోవడానికి కారణం ఇదే. కాబట్టి చెరువులో అక్కడక్కడ వెదురు బొంగులు, చెక్క పలకలు నిలబెట్టి, ఐదు రోజులకొకసారి తీసి, గీకి, ఎండలో పూర్తిగా ఎండబెట్టి మళ్లీ పాతండి. దీన్ని కనీసం ఆరు వారాలు ఆపకుండా చేయాలి. కొత్తగా వేసే చేపపిల్లలను లీటరు నీటికి 30 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణంలో ఐదు నిమిషాలకు మించకుండా ముంచండి, పక్కకు ఒరిగితే వెంటనే తీయండి. ముంచాక కూడా ఒంటిపై పేను కనిపిస్తే ఆ పిల్లలను వేయవద్దు.

మూడోసారి పురుగుమందు చల్లవద్దు. ఎకరాకు ఇంత అని చెప్పే డీలరు నీటి లోతు అడిగారా? ఎకరా చెరువులో మీటరు లోతుంటే సుమారు 4,000 ఘనపు మీటర్ల నీరు, మీటరున్నర ఉంటే 6,000. ఒకే మోతాదు ఈ రెంటికీ ఎలా సరిపోతుంది? సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు చేపలకు తీవ్రమైన విషం, చేపలు తినే జంతు ప్లవకాలనూ (నీటిలో తేలే సూక్ష్మ జీవులు) చంపుతాయి. పేను మరీ ఎక్కువగా ఉంటే, చేపను చూసి, నీటిని కొలిచిన మత్స్యశాఖ అధికారి రాసిచ్చిన మందునే వాడండి. ఇప్పటికే సక్కర్ చేపలను వేసి ఉంటే వలతో పట్టి పూడ్చిపెట్టండి, కాలువలో మాత్రం వదలకండి.