పొరపాటున నిషిద్ధ గగనతలంలోకి వెళ్లాను, లైసెన్స్ పోతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది గుంటూరు. పదకొండేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాను, హెచ్‌-1బి మీద. రెండేళ్ల కిందట ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాను. పోయిన శనివారం క్లబ్బు సెస్నా 172 అద్దెకు తీసుకుని, నా భార్యను, తొమ్మిదేళ్ల పాపను పెన్సిల్వేనియాలో బ్రేక్‌ఫాస్ట్‌కి తీసుకెళ్లాను. ముందు రోజు రాత్రి నోటమ్‌లు (పైలట్లకు ఇచ్చే హెచ్చరిక నోటీసులు) చూశాను. ప్రెసిడెంట్ ఇక్కడి బెడ్‌మిన్‌స్టర్ వస్తున్నందుకు టీఎఫ్‌ఆర్ (తాత్కాలిక గగనతల నిషేధం) ఉంది గానీ, అది మధ్యాహ్నం నుంచి. పొద్దున టైమ్ ముందుకు జరిపారట, నేను మళ్లీ చూడలేదు. తిరిగొస్తుంటే ఒక ఫైటర్ జెట్ మా ముందు నుంచి అడ్డంగా దూసుకుపోయింది. పాప ఒకటే ఏడుపు. 121.5 అనే అత్యవసర రేడియో ఫ్రీక్వెన్సీలో పిలిచి, వాళ్లు చెప్పిన చోట దిగాను. సీక్రెట్ సర్వీస్ వాళ్లు ఇద్దరు, పోలీసులు కలిసి నలభై నిమిషాలు ప్రశ్నలు అడిగి పంపేశారు. ఇవాళ్టికి ఐదు రోజులు. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఇన్‌స్పెక్టర్ వాయిస్‌మెయిల్ పెట్టారు. తప్పు నాదే కాబట్టి క్షమాపణ అడుగుతూ మూడు పేజీల ఉత్తరం రాసి పెట్టుకున్నాను. పంపమంటారా? లైసెన్స్ పోతుందా? గ్రీన్‌కార్డుకు అడ్డమా?

జవాబు: ఆ ఉత్తరం పంపకండి. చింపేయమనీ అనడం లేదు. మీ లాయరుకు ఇవ్వండి, జ్ఞాపకాలు తాజాగా ఉన్నప్పుడు రాసింది కాబట్టి పనికొస్తుంది. తప్పు ఒప్పుకుని చేతులు జోడిస్తే ఎదుటివాడు కరుగుతాడన్నది మనం పెరిగిన పద్ధతి, మంచి పద్ధతే. కానీ ఎఫ్‌ఏఏకి రాసే ప్రతి వాక్యం ఫైల్లో సాక్ష్యం అవుతుంది. "సోమరితనంతో మళ్లీ చూడలేదు" అని మీరు వినయంగా రాసిన మాటే రేపు "నిర్లక్ష్యం" అనే ఆరోపణగా మీ ఎదుటికి వస్తుంది.

ఈ రోజు చేయాల్సింది వేరే ఉంది. నాసా నడిపే ఏవియేషన్ సేఫ్టీ రిపోర్టింగ్ సిస్టమ్‌కి రిపోర్టు పంపండి. పైలట్లు దీన్నే "నాసా రిపోర్ట్" అంటారు. ఘటన జరిగిన 10 రోజుల లోపు పంపాలి. మీకు ఇంకా ఐదు రోజులే ఉన్నాయి, కాబట్టి ఇవాళే ఆన్‌లైన్‌లో పంపేయండి. 1976 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. ఫారం పైభాగంలో మీ పేరు, చిరునామా, ఘటన తేదీ ఉండే ఒక ముక్క ఉంటుంది. నాసా వాళ్లు దాన్ని వేరు చేసి, తేదీ ముద్ర వేసి మీకే తిప్పి పంపేస్తారు, తమ దగ్గర మీ పేరు ఉంచుకోరు. మీ మీద చర్య కోసం ఎఫ్‌ఏఏ ఆ రిపోర్టును వాడుకోకూడదని రూల్ 91.25 చెబుతోంది. నేరం, ప్రమాదం ఉన్న ఘటనలకు మాత్రం ఈ రక్షణ లేదు. ఉల్లంఘన కావాలని చేసింది కాకపోతే, నైపుణ్యం లేకపోవడం అనే సమస్య బయటపడకపోతే, గత 5 ఏళ్లలో మీ మీద ఎఫ్‌ఏఏ ఉల్లంఘన నిర్ధారణ లేకపోతే, రేపు సస్పెన్షన్ ఆర్డరు వచ్చినా ఆ రోజులు మీరు అనుభవించక్కర్లేదు. ఉల్లంఘన మాత్రం రికార్డులో ఉండిపోతుంది. విమానం అద్దెకిచ్చేవాళ్లు, ఇన్సూరెన్స్ వాళ్లు అడిగితే దాచకూడదు.

ఒక జాగ్రత్త. ఆ ముక్క మీద ఘటనకు చిన్న శీర్షిక రాయమంటారు. ఆ ముక్కనే మీరు తర్వాత ఎఫ్‌ఏఏకి చూపించాల్సి రావచ్చు. కాబట్టి "ప్రెసిడెంట్ టీఎఫ్‌ఆర్‌లోకి దూరిపోయాను" అని రాయకండి. "గగనతలానికి సంబంధించిన విషయం" అంటే చాలు. వివరమంతా లోపల రాయండి.

ఇక లైసెన్స్ సంగతి. చట్టపరంగా మీ పరిస్థితి మీరు అనుకుంటున్నంత సులువుగా లేదు, భయపడుతున్నంత చెడ్డగానూ లేదు. ప్రెసిడెంట్ ఉన్న చోట మామూలుగా 30 నాటికల్ మైళ్ల వలయం గీస్తారు. దాని లోపలి 10 మైళ్లలో మీలాంటి విమానాలకు అసలు ప్రవేశం లేదు. బయటి వలయంలో ఫ్లైట్ ప్లాన్, కంట్రోలర్ ఇచ్చిన ప్రత్యేక స్క్వాక్ కోడ్ (రాడార్‌లో విమానాన్ని గుర్తుపట్టే సంఖ్య), కంట్రోలర్‌తో రేడియో సంబంధం మూడూ ఉంటేనే ఎగరాలి. "నాకు తెలియదు" అన్న మాట సివిల్ చర్యను ఆపదు. బయల్దేరే ముందు అందుబాటులో ఉన్న సమాచారమంతా తెలుసుకోవడం పైలట్ బాధ్యతని రూల్ 91.103 చెబుతోంది. రాత్రి చూసిన నోటమ్ పొద్దున బ్రీఫింగ్ కాదు, మీ కేసులో బలహీనమైన చోటు ఇదే. నెల నుంచి మూడు నెలల దాకా సస్పెన్షన్ ఇచ్చిన టీఎఫ్‌ఆర్ కేసులు చాలా ఉన్నాయి.

అయితే 2015 నుంచి ఎఫ్‌ఏఏ పద్ధతి మారింది. నిజాయితీగా జరిగిన పొరపాటు, దిద్దుకునే మనిషి అని ఇన్‌స్పెక్టర్‌కు నమ్మకం కలిగితే కంప్లయన్స్ యాక్షన్‌తో ముగించవచ్చు. అంటే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కొంత శిక్షణ, ఒక సంభాషణ, ఉల్లంఘన నిర్ధారణ లేకుండా ఫైల్ మూత. ఇక్కడే చిక్కుంది. పూర్తిగా నోరు మూసుకుంటే ఈ దారి మూసుకుపోవచ్చు, ఆలోచించకుండా మాట్లాడితే కేసు మీ నోటితో మీరే కట్టినట్టు అవుతుంది. మీలాంటి కేసులో నేను మౌనం సలహా ఇవ్వను. లాయరు ద్వారా, కొలిచి, సహకరించమంటాను. ఈలోగా మీ ఇన్‌స్ట్రక్టర్‌తో టీఎఫ్‌ఆర్‌ల మీద ఒక గ్రౌండ్ క్లాసు చేసి లాగ్‌బుక్‌లో రాయించుకోండి. అడగకముందే చేసిన శిక్షణకు విలువ ఎక్కువ.

మీకు మరో రక్షణ 2012 ఆగస్టు 3న చట్టమైన పైలట్ల హక్కుల బిల్లు. అప్పటి ఓక్లహోమా సెనేటర్ జిమ్ ఇన్‌హోఫ్ స్వయంగా పైలట్ కూడా. 2010లో టెక్సస్‌లో, పనులు జరుగుతున్న మూసిన రన్‌వే మీద దిగి ఎఫ్‌ఏఏ విచారణ ఎదుర్కొన్నారు. రికార్డులు సంపాదించడానికి తాను పడ్డ ఇబ్బంది చూసి ఈ చట్టం తెచ్చారు. దీని ప్రకారం విచారణ ఎందుకో ఎఫ్‌ఏఏ మీకు రాతపూర్వకంగా చెప్పాలి, జవాబివ్వడం తప్పనిసరి కాదనీ, ఇస్తే సాక్ష్యంగా వాడొచ్చనీ చెప్పాలి, ఎయిర్ ట్రాఫిక్ డేటా అడిగే హక్కు మీకు ఉంది. ఆ హక్కు వెంటనే వాడుకోండి. కంట్రోలర్ల రేడియో రికార్డింగులు మామూలుగా 45 రోజులే ఉంచుతారు. 121.5లో మీరు వెంటనే పలికారు, చెప్పినట్టు చేశారు అనేదానికి ఆ టేపే సాక్షి. మీ టాబ్లెట్‌లో ఫోర్‌ఫ్లైట్ (పైలట్లు వాడే యాప్) ట్రాక్, శుక్రవారం రాత్రి చూసిన నోటమ్‌ల రికార్డు ఏదీ చెరపకండి.

క్రిమినల్ కేసు గురించి మీరు అడగలేదు గానీ భయం వాక్యాల మధ్య కనిపిస్తోంది. జాతీయ రక్షణ గగనతలాన్ని తెలిసి గానీ, కావాలని గానీ ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు ఉంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీరు అందులోకి రారు. 2005 మే 11న పెన్సిల్వేనియా నుంచి బయల్దేరిన ఒక సెస్నా 150 దారి తప్పి వైట్‌హౌస్‌కు 3 మైళ్ల దాకా వచ్చింది. వైట్‌హౌస్, కాపిటల్ రెండూ ఖాళీ చేయించారు. అంత జరిగినా విమానంలో ఉన్న ఇద్దరి మీదా క్రిమినల్ కేసు పెట్టలేదు. లైసెన్సున్న పైలట్ సర్టిఫికేట్‌ను మాత్రం ఎఫ్‌ఏఏ రద్దు చేసింది. మీరు నిజంగా భయపడాల్సింది అబద్ధానికి. ఫెడరల్ అధికారికి తెలిసి అబద్ధం చెప్పడం 5 ఏళ్ల దాకా జైలు పడే నేరం. సీక్రెట్ సర్వీస్‌కి శనివారం ఏం చెప్పారో ఇవాళే గుర్తున్నంత వరకు రాసి లాయరుకు ఇవ్వండి. రేపు చెప్పేది దానికి తేడా రాకూడదు.

గ్రీన్‌కార్డుకు వద్దాం. లైసెన్స్ సస్పెన్షన్ సివిల్ చర్య, క్రిమినల్ శిక్ష కాదు. కానీ గ్రీన్‌కార్డు దరఖాస్తు అయిన ఐ-485 ఫారంలో ఎప్పుడైనా మిమ్మల్ని అరెస్టు చేశారా, సైటేషన్ ఇచ్చారా, నిర్బంధించారా అని అడుగుతారు. ఆ నలభై నిమిషాలు నిర్బంధం కిందికి వస్తాయా రావా అన్నది మీ ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడి తేల్చుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పి వివరణ జతచేయడమే మేలు. దాచినది తర్వాత బయటపడితే ఘటన కంటే దాచడం పెద్దదవుతుంది.

ఒకవేళ ఎఫ్‌ఏఏ సస్పెన్షన్ వైపే వెళ్తే ముందు ప్రతిపాదన నోటీసు వస్తుంది. దాని మీద ముఖాముఖి చర్చ అడగొచ్చు. ఆర్డరు వచ్చాక 20 రోజుల్లో ఎన్‌టీఎస్‌బీకి (జాతీయ రవాణా భద్రతా బోర్డు) అప్పీలు చేసుకోవచ్చు. అత్యవసర ఆర్డరు కాకపోతే అప్పీలు తేలేదాకా సస్పెన్షన్ ఆగుతుంది. గడువు ఉన్న ఏ కాగితం వచ్చినా వారాంతం దాకా పక్కన పెట్టకండి.

వాయిస్‌మెయిల్‌కి ఫోన్ చేసి ఇంతే చెప్పండి: "మీ సందేశం అందింది, నేను సహకరిస్తాను, నా లాయరు ఈ వారంలో మిమ్మల్ని సంప్రదిస్తారు." సంఘటన గురించి అడిగితే మర్యాదగా అదే మాట మళ్లీ చెప్పండి. నాసా ముక్క పోస్టులో వచ్చాక లాగ్‌బుక్‌లో పెట్టకండి. లాగ్‌బుక్ ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించాల్సిన పుస్తకం. పాస్‌పోర్టులు దాచుకునే చోట పెట్టుకోండి.